పలకరింపు పెట్టెలు

శ్రావణ శుద్ధ విదియ. పొద్దుటి పోటు.

లాంచీ నడిపే ప్రతి సరంగూ రోజూ పుస్తకం రాయాలని రేవు సంఘం రూలు. ఎక్కడ బయల్దేరాం, నీళ్ళు ఎక్కే పోటా తీసే పాటా, దారిలో ఎవరు ఎదురయ్యారు, ముందు హారన్ ఎవరు కొట్టారు. అంతే రాయమంటారు. అంతటితో ఆపే మనిషిని కాదు నేను. చదివేవాళ్ళు విసుక్కుంటే విసుక్కోనీ, మొదట్నించీ విసుక్కుంటూనే ఉన్నారు.

నా పేరు వీరవేణి. లాంచీ పేరు పావురాయి. ఎగువతెప్పల్లో బయల్దేరి, నడిమిపాయ మీదుగా పడమటి గట్టున సంతకి మనుషుల్నీ కూరగాయల బుట్టల్నీ చేరవేస్తాను. సముద్రం లోపలికి వచ్చేశాక మా ఊళ్ళన్నీ తెప్పల మీదే. వరదొస్తే ఊరు ఊరంతా తాళ్ళు విప్పుకుని ఇంకోచోట కట్టుకుంటుంది. నిన్న ఉన్నచోట ఇవాళ ఉండని ఊళ్ళకి టవర్లు ఎవడు కడతాడు? ఆకాశంలోంచి సిగ్నల్ ఇచ్చిన కంపెనీవాళ్ళు కూడా గిట్టుబాటు కావడం లేదని మా నీళ్ళ మీద ఆపేసి వెళ్ళిపోయారు.

వాళ్ళు వెళ్ళిపోయాక మమ్మల్ని ఆదుకున్నవాడు తాతబ్బాయి. మా తెప్పల్లో నీళ్ళ మోటార్లు బాగుచేసే మనిషి. పేరు చూసి ముసలాడనుకునేరు, నలభై కూడా లేవు. పొట్ట గడిచేది మోటార్లతో, మనసంతా ప్రోగ్రాముల మీద. సాయంత్రమైతే గుమ్మంలో కూర్చుని, ఒళ్ళో చిన్న కంప్యూటర్ పెట్టుకుని ఏదో ఒకటి రాస్తూనే ఉంటాడు. వాళ్ళమ్మ పెంచే బాతులన్నీ ఇల్లు చేరాయో లేదో అరుపులు విని చెప్పే ప్రోగ్రాం ఒకటి. రేకుల మీద వాన చప్పుడు విని ఎంతసేపు కురుస్తుందో చెప్పే ప్రోగ్రాం ఇంకొకటి. అది చెప్పినట్టు వాన ఏనాడూ ఆగలేదు, అయినా దాన్ని వదలడు. పులీమేకా ఆడేది మరొకటి. మనం ఓడిపోతుంటే అందులో పులి జాలిపడి ‘అక్కడ పెట్టకండి’ అంటుంది. ఇవన్నీ ఎందుకురా అంటే ‘సరదాకండి’ అంటాడు. రాసింది ఏదీ దాచుకోడు. కావలసినవాళ్ళు తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఎలా రాశాడో పక్కనే తెలుగులో వివరంగా రాసిపెడతాడు.

వాటిలోకెల్లా గొప్పది పలకరింపు పెట్టె. మా నీళ్ళ మీద ఆచారం ఒకటుంది. రెండు పడవలు ఎదురైతే, ప్రవాహంతో పోయేది ముందు హారన్ కొట్టాలి, ఎదురెక్కేది బదులు కొట్టాలి. రెండూ ఇంజన్లు తగ్గించి పక్కపక్కకి రావాలి. మీ ఊళ్ళో అంతా కులాసాయేనా అని అడగాలి. ఎంత తొందరపనైనా సరే పలకరించకుండా పోకూడదు. తాతబ్బాయి ఈ ఆచారాన్నే పట్టుకున్నాడు. ప్రతి పడవకీ ఒక పెట్టె బిగించాడు. కేకేస్తే వినపడేంత దగ్గరకొస్తే పెట్టెలు కూడా మాట్లాడుకుంటాయి.

“నా దగ్గర ఇవున్నాయి, నీ దగ్గర లేనివేంటి అని ఒకదాన్నొకటి అడిగి ఇచ్చిపుచ్చుకుంటాయండి. అలా పడవ పడవా మారి కబురు చేరాక, అందింది అని తిరుగు కబురు వస్తదండి. అప్పుడు అన్ని పెట్టెలూ ఆ కబురు తుడిచేసుకుంటాయండి” అని నాకు చెప్పాడు.

“ముందు ఏ పెట్టె పలకాలిరా?” అన్నాను.

“ముందూ వెనకా లేదండి. రెండూ పలుకుతాయండి. ఒకేసారి పలికితే మాటలు కలిసిపోయి దేనికీ వినపడదు కదండీ. అప్పుడు రెండూ కాసేపు ఊరుకుని, మళ్ళీ పలుకుతాయండి.”

“అలిగి ఊరుకుంటేనో?”

“అలగడం నేర్పలేదండి” అన్నాడు. ఎంత నవ్వుకున్నానో ఆ రోజు.

చవితి. సాయంత్రం పాటు.

ఇవాళ నవ్వు రావడం లేదు. నా కూతురు సూర్యకళ దిగువతెప్పల్లో అత్తారింట్లో ఉంది. ఎనిమిదో నెల. ఎనిమిదో నెలలో కదపకూడదని, తొమ్మిది రాగానే పురుటికి తీసుకొద్దామని అనుకున్నాం. పిల్లకి బీపీ ఎక్కువ. రోజూ అక్కడి నర్సమ్మ చూసి అంకెలు పెట్టెలో వేస్తుంది. అవి పడవలు మారి మా ఎగువన ఆస్పత్రి తెప్పకి వస్తాయి. డాక్టర్ జోసఫిన్ గారు చూసి మాత్ర పెంచమనో తగ్గించమనో రాస్తారు. ‘అంకె పెరిగితే మాత్రం నెలా పాడూ చూడకండి, వెంటనే తెచ్చెయ్యండి, ఆలస్యమైతే తల్లికీ బిడ్డకీ ముప్పే’ అని మొదట్లోనే చెప్పారు.

అంకెలు రావడం ఆగిపోయింది. అమావాస్య తర్వాత ఒక్కటీ రాలేదు. నాకు భయమేసింది. భయమేస్తే నాకు కోపం వస్తుంది. లాంచీ కట్టి తిన్నగా తాతబ్బాయి గుమ్మంలోకి వెళ్ళి ఎడాపెడా దులిపేశాను.

“బాతులూ పులులూ అంటూ కూర్చున్నావు, అసలు పెట్టె పనిచెయ్యట్లేదు! నా కూతురికేదైనా అయితే నీ సరదాలన్నీ ఏట్లో పారేస్తాను, ఏమనుకున్నావో!”

వేరే వాడైతే నాలుగు మాటలు తిరిగి అనేవాడు. తాతబ్బాయి లేచి నిలబడి, “తప్పు నాదేనేమోనండి, చూస్తానుండండక్కా” అన్నాడు. లాంచీలోంచి నా పెట్టె ఊడదీసి తెచ్చి, విప్పి, తుడిచి, ప్రోగ్రాం మొదట్నించీ చివరిదాకా వేలు పెట్టి చదువుకున్నాడు. వాళ్ళమ్మ అన్నానికి పిలుస్తున్నా వినిపించుకోలేదు. చివరికి “పెట్టెలో తప్పు లేదండి. ఇన్నాళ్ళూ మధ్యలో ఉప్పు పడవలు తిరిగేవి కదండీ, దిగువ కబుర్లు అవే మోసుకొచ్చేవండి. వానలు పడ్డాయి, ఉప్పు పని ఆగింది, పడవలు కట్టేశారండి” అన్నాడు. ఇంతలో లోపల్నించి పాత పీపా ఒకటి దొర్లించుకొచ్చాడు. నడిమిపాయలో లంగరేసి, దాని మీద ఒక పెట్టె పెడతాట్ట.

షష్ఠి. పొద్దుటి పోటు, రాత్రి.

పీపా పోయింది. వరద పాయలో ఏ లంగరు నిలుస్తుంది? పెట్టిన పూటే తాడు తెంచుకుని సముద్రం దారి పట్టింది. దాని మీద తన చేతుల్తో చేసిన పెట్టె పోయినందుకు తాతబ్బాయి బాధపడతాడనుకున్నాను. “పోతూ పోతూ ఎక్కడిదాకా పలికిందో తెలిసిందండి, అది పనికొస్తదండి” అన్నాడు. ఏమంటాం ఇలాంటివాణ్ణి?

తర్వాత కంప్యూటర్ నా వైపు తిప్పాడు. మా నీళ్ళన్నీ గీసి ఉన్నాయి అందులో. ఏ పెట్టె ఏ పెట్టెతో ఎంత మాట్లాడిందో గీతలుగా వేశాడు. ఎక్కువ మాట్లాడుకుంటే లావు గీత. మా ముప్పై పడవలూ ఒకదానితో ఒకటి అల్లుకుపోయి ఉన్నాయి. ఎవరెవర్ని ఎంత పలకరిస్తామో చూస్తుంటే ముచ్చటేసింది, నిజం చెప్పొద్దూ. నేను లాంచీ నడుపుకుంటున్నాననుకున్నాను గానీ ఇంతమందిని కలుపుతున్నానని ఏనాడూ అనుకోలేదు.

అతను నడిమిపాయ దగ్గర వేలు పెట్టాడు. అక్కడ పావురాయి ఉంది, పక్కనే రాజహంస ఉంది. మధ్యలో గీత లేదు.

“అక్కా, ఉప్పు పడవలు ఆగాక నడిమిపాయలో రోజూ అటూ ఇటూ తిరిగేవి మీ రెండు లాంచీలేనండి. రోజూ ఎదురవుతారు కదండీ. మరి పెట్టెలు ఒక్కసారైనా మాట్లాడుకోలేదు, ఎందుకంటారండి? దాని పెట్టె కూడా బాగానే ఉందండి.”

నా ముఖం ఎలా మారిందో నాకే తెలిసింది. రాజహంస దిగువతెప్పల లాంచీ, దాని సరంగు గంగరాజు నా వియ్యంకుడు. మా ఇద్దరికీ మాటల్లేవు.

ఎందుకు లేవో కూడా రాస్తాను, నాదేం తప్పు లేదు కాబట్టి. పెళ్ళికి మగపెళ్ళివారు రాజహంసలో తరలివచ్చారు. ఎదురుకోలుకి నేను పావురాయిలో బ్యాండు మేళంతో ఎదురెళ్ళాను. సరిగ్గా అప్పుడే పోటు తిరుగుతోంది. నీళ్ళు ఇంకా వాళ్ళ వెనకనుంచే వస్తున్నాయి కాబట్టి ముందు హారన్ వాళ్ళు కొట్టాలి. కాదు, నీళ్ళు అప్పటికే తిరిగాయి, ముందు మీరే కొట్టాలి అని వాళ్ళు. ఆయన కొట్టడు, నేను కొట్టను. మేళంవాళ్ళు వాయించిన పాటే వాయించారు. ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు నెత్తీనోరూ కొట్టుకుని చివరికి తానే శంఖం ఊదారు. పెళ్ళయింది, పిల్లలు బాగున్నారు. గంగరాజు మాత్రం ఆ రోజునించి నడిమిపాయలో నేను కనపడితే అవతలి ఒడ్డు పట్టుకుని ముఖం తిప్పుకుని పోతాడు. నేను ఇవతలి ఒడ్డు పట్టుకుని పోతాను. ఆయనకేనా పౌరుషం?

అంతా విని తాతబ్బాయి కంప్యూటర్ మళ్ళీ తన వైపు తిప్పుకున్నాడు. నన్ను తప్పుపడతాడేమో, పడితే దులుపుదామని సిద్ధంగానే ఉన్నాను.

“తుఫాను రాశానండి ఈ ప్రోగ్రాంలో. ఇంజన్ ఆగిపోవడం రాశానండి. పడవ మునిగిపోతే దాని కబుర్లు ఎలా బతకాలో కూడా రాశానండి. ఎదురైన పడవలు పలకరించుకోకుండా పోతాయని రాయలేదండి. నాకు తోచలేదండి” అన్నాడు. అతని ముఖంలో సిగ్గు చూసి నాకు ఎక్కడో కలుక్కుమంది. పోట్లాడటమే చేతకాని మనిషికి ఆ సంగతి ఎలా తోస్తుంది?

నాకొక్క నీతి కూడా చెప్పలేదు. “మీరు మాట్లాడుకోనక్కర్లేదండి. మీ ఇద్దరికీ మధ్య ఎంత దూరముంటదో చెప్పండి చాలు. నెమ్మదిగా, సాగదీసి పలికితే పెట్టె మాట దూరం పోతదండి. పీపా చూపించింది కదండీ. కళమ్మ అంకెలే ముందు పంపేలా మారుస్తాను” అన్నాడు. మనుషుల కోపాన్ని కూడా గాలివానలాగే లెక్కలో వేసుకుని, దానికి తగ్గట్టు తన పనే మార్చుకుంటానన్న మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. దిగువకు పోయే చేపల పడవలో తానే వెళ్ళి, దారి రేవులో కట్టి ఉన్న రాజహంస పెట్టెలో కూడా మార్చి వచ్చాడు. లాంచీలో ఎవరూ లేరట, మార్పు ఎక్కించేసరికి కంప్యూటర్లో చార్జి అయిపోయి లోపలి అంకెలు దింపుకోలేకపోయాడట. ఆ పడవ దాని పనిమీద తూర్పు కాలవలోకి తిరిగిపోతే, రేవుల వెంట గట్టున నడిచి, దొరికిన దోనె ఎక్కి ఇల్లు చేరాడట.

సప్తమి. సాయంత్రం.

అంకె వచ్చింది! ఒడ్డునించి ఒడ్డుకి, అంత వానలో, నా పెట్టె ఆకుపచ్చగా వెలిగింది. నూట యాభై ఎనిమిది. అంతే. కింది అంకె చెరిగిపోయింది. ఆ తర్వాత ఒక్క మాట వచ్చింది, ‘తల’ అని. మిగతాది వచ్చేలోపు లాంచీలు ఒకదాన్నొకటి దాటిపోయాయి, అంతా నీళ్ళపాలు.

ఆస్పత్రి తెప్పకి పరుగెత్తాను. డాక్టర్ జోసఫిన్ గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

“సగం అంకెతో నేనేం చెయ్యను వీరవేణి గారూ? ఇది ఇవాల్టిదో మొన్నటిదో తెలీదు. తల అంటే నొప్పా? కళ్ళు మసకలు కమ్ముతున్నాయా? కాళ్ళు వాచాయా? అవన్నీ తెలియాలి. నాకు భయంగానే ఉంది.”

బయటికొస్తే తాతబ్బాయి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, ఇంకా ప్రోగ్రాం మారుస్తూనే. “ఇంకాస్త కుదించొచ్చేమోనండి. నొప్పికి ఒక గుర్తు, మసకకి ఒక గుర్తు పెడితే...” అంటున్నాడు. వాన నీళ్ళు చూరులోంచి అతని మెడ మీద కారుతున్నాయి. ఆ స్పృహ లేదు. ఒక్కసారిగా నా మీద నాకే ఒళ్ళు మండింది. నేను చుక్కాని కాస్త తిప్పితే తీరిపోయేదానికి ఇతను ఇంత అవస్థ పడుతున్నాడు.

“చాల్లే, ఇంక కుదించకు. లేచి ఇంటికెళ్ళి అన్నం తిను” అన్నాను.

అష్టమి. పొద్దుటి పోటు, సాయంత్రం పాటు.

నడిమిపాయలో రాజహంస కనపడగానే ఒడ్డు వదిలేసి తిన్నగా మధ్యకి పోనిచ్చాను. బుట్టలవాళ్ళు గోల పెట్టారు. “అమ్మో, వేణక్కా, గుద్దేత్తావా ఏంటి ఆయన్ని!” అని ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. కళ్ళు తుడుచుకుని చూస్తే రాజహంస కూడా అవతలి ఒడ్డున లేదు. అదీ మధ్యకే వస్తోంది.

హారన్ మీద చెయ్యి వేశాను. వాన హోరు. నీళ్ళు ఎటు పోతున్నాయో చూడలేదు, చూడబుద్ధి కాలేదు. నొక్కాను. హారన్ మోగింది. నాదో ఆయనదో, రెండూనో.

లాంచీలు ఒరుసుకున్నాయి. గంగరాజు గొడుగు కూడా లేకుండా అంచుకొచ్చి నిలబడ్డాడు. పెద్ద మనిషి, తెల్ల మీసాల్లోంచి వాన నీళ్ళు కారుతున్నాయి.

“వదినగారూ, డాక్టరమ్మ కబురేదండీ? పిల్ల తల పగిలిపోతందంటంది, కళ్ళ ముందు మెరుపులంటంది. పంపుతూనే ఉన్నాం, బదులే లేదు. ఆస్పత్రివాళ్ళు పట్టించుకోట్లేదనుకున్నాం!”

“మాకేమీ చేరలేదన్నయ్యగారూ! ఒక్కటీ పూర్తిగా చేరలేదు!” అన్నాను. ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు.

మేమిద్దరం అలా అరుచుకుంటుండగానే మా వెనక పెట్టెలు రెండూ టకటకా వెలుగుతూ పని కానిచ్చేశాయి. అమావాస్య నుంచి ఆగిపోయిన కళ అంకెలన్నీ తేదీలతో సహా వచ్చాయి. సంతకి పోకుండా వెనక్కి తిరిగాను. బుట్టలవాళ్ళు ఒక్కరూ కిమ్మనలేదు. డాక్టర్ గారు అంకెలు చూసి ఇంకో మాట లేకుండా ‘తెచ్చెయ్యండి. ఈలోగా ఈ మాత్ర ఇవ్వండి’ అని రాసి నా పెట్టెలో వేశారు. సాయంత్రం పాటుకి మళ్ళీ నడిమిపాయకి వెళ్ళాను. గంగరాజు అప్పటికే వచ్చి ఎదురుచూస్తున్నాడు. పెట్టెలు మాట్లాడుకున్నాయి. చదివి తల పంకించాడు.

“నవమి నీళ్ళు మందంగా ఉంటాయి. పొద్దున పోటు నిలబడే వేళకి తెస్తాను వదినగారూ. ఎనిమిదో నెలలో గడప దాటించకూడదని మా ఆవిడ పట్టుబడతది. నేను చూసుకుంటాను, మీరు దిగులెట్టుకోకండి.”

నవమి. పోటు నిలబడిన వేళ.

రెండు లాంచీలనీ పక్కపక్కన చేర్చి ముందూ వెనకా తాళ్ళతో బిగించాం. మధ్యలో చెక్కపలక వేశాం. కళ ముఖం ఉబ్బిపోయి ఉంది. అటునించి గంగరాజు ఒక చెయ్యి పట్టుకున్నాడు, ఇటునించి నేను ఒకటి పట్టుకున్నాను. పిల్ల పలక మధ్యకి వచ్చేసరికి అలకి రెండు లాంచీలూ ఊగాయి. ఇద్దరం ఒక్కసారే “కూర్చో!” అని కేకేశాం. ఊపు తగ్గేదాకా అలా పట్టుకునే ఉన్నాం. పెళ్ళిలో కూడా మేమింత దగ్గరగా నిలబడలేదు.

దారిలో కళ నా ఒళ్ళో తల పెట్టుకుని, “అమ్మా, మీరిద్దరూ మాట్లాడుకున్నారా?” అంది. “నీ బీపీ సంగతి చూసుకో ముందు” అన్నాను.

పౌర్ణమి. మధ్యాహ్నం.

మనవరాలు పుట్టింది. నవమి దాటి ఇంకో రోజు ఆగి తెచ్చి ఉంటే ఇద్దరూ దక్కేవారు కాదని డాక్టర్ జోసఫిన్ గారు నన్ను పక్కకి పిలిచి చెప్పారు. పిల్ల చిన్నది, అయినా గొంతు మాత్రం సరంగు గొంతే. నా మనవరాలు కాబట్టి నా గొంతే. గంగరాజు తన గొంతంటున్నాడు, అననీ.

చూడ్డానికి తాతబ్బాయి వచ్చాడు. పసిదాని ఏడుపు విని ఆకలేసిందో నిద్రొస్తోందో చెప్పే ప్రోగ్రాం రాస్తానంటున్నాడు. రాస్తాడు కూడా. అది ఒక్కసారీ సరిగ్గా చెప్పదు, అయినా వదలడు. ఇవే చేతులు కదా నా పిల్లని బతికించాయి! ఈ మనిషి మా తెప్పల మీద పుట్టడం మా అదృష్టమని ముఖం మీదే చెప్పాను. చూరు వంక, నీళ్ళ వంక చూశాడు.

వెళ్ళబోతుంటే మెల్లగా పిలిచాను. ఎవరూ వినడం లేదని చూసుకుని మరీ అడిగాను.

“ఒరేయ్, నీ పెట్టెలు చప్పుళ్ళు కూడా వింటాయి కదా. బాతుల్నీ వాననీ విన్నవాడివి. అష్టమినాడు నడిమిపాయలో ముందు హారన్ కొట్టింది ఎవరో దాన్లో ఉండే ఉంటది. చెప్పు. నాలోనే ఉంచుకుంటాను.”

“లేదండి” అన్నాడు.

“అన్నీ రాసుకునేవాడివి, అదెందుకు రాసుకోలేదు?”

“పెట్టెలు తయారుచేసిన మొదటి రోజునించీ ఆ గడి పెట్టలేదండి. ఎవరు పలికారో, ఏం చేరిందో పెట్టె రాసుకుంటదండి. ముందెవరన్నది ఎందుకండి, దాంతో ఏ కబురూ చేరదు కదండీ.”

ఒళ్ళు మండింది. నవ్వూ వచ్చింది. పసిదాన్ని ఒకసారి ఎత్తుకోమని అతని చేతికిచ్చాను. మోటార్ల గ్రీజు అంటుతుందని భయపడి చొక్కాకి చేతులు తెగ తుడుచుకున్నాడు.

ఇప్పుడు లాంచీలో కూర్చుని అష్టమి నాటి పేజీ తీశాను. అన్నీ రాశాను, ‘ముందు హారన్’ గడి ఒక్కటే ఖాళీ ఉంది. ఎంత గుర్తు తెచ్చుకున్నా నేను నొక్కాక విన్నానో, నొక్కకముందు విన్నానో తేలడం లేదు. దాంట్లో ‘ఇద్దరం’ అని రాశాను. అలా రాయడానికి వీల్లేదని రేవు సంఘంవాళ్ళు గొడవ చేస్తారు. చేయనీ. పెళ్ళినాటి పేజీ కూడా తీస్తున్నాను, అందులో ‘వాళ్ళు కొట్టలేదు’ అని రాసిన గడి కూడా దిద్దాలి.